తాళపుచెవి యెవరియొద్ద నున్నది?

గడచిన వేసవిలో నొకనాటి సాయంకాలము మేము అంబాజీపేటలోని మా యింటి వీధియరుగుపై గూర్చుండి పత్రిక చూచుకొనుచుండగా, వెనుకవీధి యిల్లాలొకతె వచ్చి మెట్టుప్రక్క నిలువబడినది. బడిలో మాయొద్దనే అక్షరములు దిద్దినది. నాలుగేండ్లు కువైటులో నొక యింట వంటపని చేసి సెలవుపై వచ్చియున్నది. "మాస్టారండీ, నా మెయిలు పోయిందండి" అన్నది. ఉత్తరము పోవుట మేమెరుగుదుము. ఉత్తరముల పెట్టెయే పోవుట యెట్లో మాకు వెంటనే బోధపడలేదు.

అడుగగా తెలిసిన సంగతి యిది. ఆమె పయనమునకు ముందు అమలాపురములో నొక ఇంటర్నెట్టు దుకాణమున నీ పెట్టె తెరచిరి. పేరు దుకాణదారే పెట్టెను. పాస్‌వర్డు నతడే కల్పించి, తన పొడుగు పుస్తకములో మరి పదిమంది పాస్‌వర్డులతోపాటు వ్రాసికొనెను. పెట్టె మరల తెరచుటకు వలయు ఫోనునంబరు కూడ తనదే యిచ్చెను. ఆమె పాస్‌పోర్టు నకలు, వీసా, జీతపు టొడంబడిక, తుదకు రెండునెలల జీతము బాకీ యున్నదని యజమానురా లొప్పుకొనిన లేఖ, అన్నియు నందులోనే చేరినవి. ఇప్పుడామె పాత ఫోను చెడిపోయినది. క్రొత్తదానిలో పెట్టె తెరువబోగా, ఆ నంబరునకు సంకేతము పంపితిమని జవాబు వచ్చుచున్నది. దుకాణము మూతపడి రెండేండ్లైనది. ఆ నంబరు పలుకుట లేదు.

ఇంతకంటె నామెను బాధించిన దింకొకటి కలదు. "పోయినేడు మా బావగారు అప్పడిగారండి. నా జీతమెంతో పైసాతో సహా చెప్పి మరీ అడిగారండి. నేనెవరికీ చెప్పలేదండి, ఆయ్" అన్నది. చెప్పినవారెవరో తేలలేదు గనుక నెవరిమీదను నేరము మోపజాలము. కాని యా పొడుగు పుస్తకము బల్లమీద తెరచియే యుండెడిదట.

మా బాల్యమున కోనసీమ పల్లెలలో కార్డుముక్క వచ్చినచో నది యిల్లు చేరకమునుపే వీధి వీధియంతయు చదువుకొనెడిది. కవరు వచ్చినను చదువురాని యిల్లాలికి రహస్యము లేదు; చదివిపెట్టువా డొకడుండవలెను గదా! గల్ఫునకు పోవుట మొదలైన తరువాత, సొమ్ముమాట వచ్చినచోట చదువువాడు గొంతు తగ్గించుటయు, అత్తగారు దగ్గరకు జరుగుటయు మేము కన్నులార చూచితిమి. వీరేశలింగముగారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాల పెట్టిననాటినుండియు ఆడుపిల్లకు చదువెందులకని యడుగువారికి మనము చెప్పదగిన జవాబులలో నిది యొకటి: తన జాబు తాను చదువుకొనుటకు, తన జాబు తాను వ్రాసికొనుటకు. ఈమెకు అక్షరములు మేము చెప్పితిమి. తాళపుచెవి మాత్రము పరుల చేతిలో నుండిపోయినది.

క్రొత్తపెట్టె యెక్కడ తెరువవలెనని యామె ప్రశ్న. "ఊరికే ఇచ్చేవి చాలా ఉన్నాయంటండి." ఉన్నవి. ఐతే ఊరక వచ్చు పెట్టెకు అద్దె యెవరు చెల్లించుచున్నారో ముందు విచారింపవలెను. 1996లో సబీర్ భాటియా, జాక్ స్మిత్ అనువారు హాట్‌మెయిలు నారంభించిన కాలమునుండి యీ యద్దె చాలవరకు ప్రకటనలవారే చెల్లించుచున్నారు. 2004లో వచ్చిన జీమెయిలు, జాబులోని మాటలను యంత్రముచేత చదివించి వానికి తగిన ప్రకటనలను ప్రక్కన చూపెడిది. ప్రకటనలకొరకై జాబులు చదువుట మానుదుమని 2017లో నా కంపెనీయే చెప్పినది. వారు చెడ్డవారని మేమనుట లేదు. పదునైదు గిగాబైట్ల చోటిచ్చుచున్నారు, దొంగలనుండి గట్టి కాపుదల చేయుచున్నారు. కాని మారుచెవి వారియొద్దను కలదు. పెద్దకంపెనీ తాళము విడదని నమ్మువారికి యాహూ కథ చాలును: 2013లో జరిగిన చౌర్యమున దాని ఖాతాలు మూడువందల కోట్లును చిక్కెనని 2017లో గాని బయటపడలేదు.

వేరొక జాతి పెట్టెలును కలవు. సెర్న్ పరిశోధనాలయమున కలిసికొనిన శాస్త్రజ్ఞులు స్విట్జర్లాండునుండి 2014లో వెలువరించిన ప్రోటాన్ మెయిలు, జర్మనీలో హానోవరునందలి టూటా అట్టివి. వీనిలో జాబు గూఢలిపిలో నుండును, దానిని విప్పు చెవి వాడువాని పాస్‌వర్డుతో గాని తిరుగదు, కంపెనీవారికే చదువరాదు. సొమ్మిచ్చి పెద్దపెట్టెలు పుచ్చుకొనువారి వలన, ఒక్కొక్క గిగాబైటు చిన్నపెట్టెలు ఉచితముగా నడచుచున్నవి. అద్దె యెక్కడనుండి వచ్చునో యిక్కడ కనబడుచున్నది.

ఐనను వీనికిని హద్దులు కలవు. జాబు నెత్తిన వ్రాయు విషయపు పంక్తిని టూటా మూయును, ప్రోటాన్ ఆ విధముగా మూయదు. జీమెయిలు గల యేజెంటునకు వ్రాసిన జాబు మామూలుగా నవతలివైపున విప్పియే యుండును. 2021లో స్విస్ అధికారుల ఉత్తరువుపై ప్రోటాన్‌వారు ఒక ఫ్రెంచి ఉద్యమకారుని ఐపీ చిరునామాను నమోదుచేసి యిచ్చిరి. జాబులలోని మాటలను మాత్రము తామే చదువజాలరు గనుక ఈయలేదు. మనదేశమున గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి వ్యాజ్యములో తొమ్మిదిమంది న్యాయమూర్తు లేకగ్రీవముగా చెప్పిరి. అదే దేశమున 2025 ఏప్రిలులో, అసభ్యలేఖలను గూర్చిన వ్యాజ్యములో, ప్రోటాన్‌ను నిరోధించు చర్య చేపట్టుడని కర్ణాటక హైకోర్టు కేంద్రము నాదేశించినది. ఇన్ని విని యామె, "అయితే ఏది కొట్టమంటారండి?" అన్నది.

ఆరునెలలు తెరువకున్నచో టూటా ఉచితపు పెట్టెను తీసివేయును. ప్రోటాన్ ఒక యేడాది గడువిచ్చును. పరాయి యింట వంటచేయు మనిషికి ఆరునెలలు ఒక లెక్కా? కావున ప్రోటాన్ అంటిమి. కాగితములను మాత్రము అచ్చుతీయించి పెట్టెలో దాచుకొమ్మంటిమి. 2022 మేలో అమలాపురపు అల్లరుల పిదప కోనసీమయందు అంతర్జాలము దినములతరబడి నిలిపివేయబడినపుడు కాగితమే మనకు దిక్కయినది గదా!

పాస్‌వర్డు వ్రాయు సమయమున మేము ముఖము త్రిప్పుకొని కొబ్బరిచెట్లవైపు చూచుచుంటిమి. ఆమె చాలసేపు ఆలోచించినది. పెట్టెను మరల దక్కించుకొనుటకు వారిచ్చు పండ్రెండు ఇంగ్లీషు మాటలను తన చేతులతోనే ఒక కాగితముపై వ్రాసికొని, మడిచి, రవికలో పెట్టుకొనినది. పాతపెట్టె దొరకలేదు. బాకీ సొమ్ము సంగతి యింకను తేలలేదు.

ఆమె వెళ్లినపిదప, మేము ముఖము త్రిప్పుకొనిన సంగతి యింటిలో కొంత గర్వముగనే చెప్పుకొంటిమి. మా కోడలు గుమ్మమున నిలువబడి విని, "మరి నా పాస్‌వర్డు మీ డైరీలో ఉంది కదండీ, మామయ్యగారూ" అన్నది. మాకు నోట మాట రాలేదు. మూడేండ్లక్రిందట, ఆమె యుద్యోగమునకు దరఖాస్తు పెట్టునపుడు ఆ పెట్టె తెరచినది మేమే. పాస్‌వర్డు పెట్టినది మేమే. అంతతో పోలేదు. మరుసటి యేడు, పిలుపు వచ్చినదేమో చూతమని మేమొకనాడు దానిని తెరచితిమి. పిలుపు లేదు, ఆమె తన అన్నగారికి వ్రాసిన జాబు కలదు. అందు మా ప్రస్తావన యుండెను. రెండు పంక్తులు చదివి మూసితిమి. రెండు పంక్తులు చదివితిమని నేటివరకు నెవరికిని చెప్పియుండలేదు.

అప్పుడు చెప్పితిమి. ఆమె యేమియు ననలేదు. డైరీ తెచ్చి, ఆ పుట చించి చేతికిచ్చి, వెంటనే మార్చుకొమ్మంటిమి. ఆమె దానిని చూచి, నాలుగుగా మడిచి మరల మా చేతనే పెట్టినది.

"అది నేను నిరుడే మార్చేశానండి, మామయ్యగారూ" అని పొయ్యిమీద పాలున్నవని లోపలికి వెళ్లినది.