మా తొట్టిబండి

ఇల్లు కదలనిదని లోకము తలచును గాని, బడిపంతులుగారి యిల్లు కదలుచునే యుండును. మా పదునాలుగేండ్ల కాపురములో మావారికి నాలుగు బదిలీలైనవి. కడపటి రెండు మారులు మా సంసారమంతయు మా సొంత తొట్టి నెక్కి, ట్రాక్టరు వెనుక నొక యూరినుండి మఱియొక యూరికి ప్రయాణము చేసినది. ఆ తొట్టి మాకు నేర్పిన పాఠమును సోదరీమణులకు చెప్పవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. ఇది మగవారి విషయము, ఆడువారి పత్రికలో దీనికేమి పని యని కొందఱనవచ్చును. మేమును నొకప్పు డట్లే యనుకొంటిమి. ఆ తలంపే మాకు చేటు తెచ్చినది.

మా అత్తవారిది విజయనగరమునకు చేరువ పల్లె. బావగారు వ్యవసాయము చేయుదురు, ట్రాక్టరు వారిది. వరికోతలకు, గోగుకట్టల మోతకు, వేసవిలో మామిడికాయల రవాణాకు తొట్టి లేక యేటేట అద్దె యిచ్చుకొనుచుండిరి. పుట్టింటివారు మాకు పెట్టిన కాసులపేరు పెట్టెలో నుండెను. దాని నమ్మి తొట్టి కొందము, వచ్చిన కిరాయి రెండిండ్లును పంచుకొనవచ్చునని మావారనిరి. మొదట మా మనసొప్పలేదు. నగ మెడలో నున్న నందము గాని, తొట్టి దొడ్డిలో నున్న నేమి యందము? అయితే ఆలోచింపగా ఆ పేరు యెనిమిదేండ్లలో పదిసారులైనను మా మెడ నెక్కలేదు. తొట్టియో, కోతల దినములలో నొక్కపూటయు ఊరక నిలువదు. ఒప్పుకొంటిమి. ఎఱ్ఱరంగు వేసిన రెండు చక్రముల తొట్టి వాకిట నిలిచిన నాడు అత్తగారు దానికి పసుపు పూసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, "నీ కాసులపేరు చక్రాలు కట్టుకొని వచ్చిందే అమ్మాయీ!" అని నవ్విరి.

రెండు చక్రముల తొట్టికి ఇరుసొక్కటే. దాని ముందున్న నొగ ట్రాక్టరు వెనుకనున్న హుక్కునకు తగులుకొనును. రెంటిని కలుపునది యొక యినుప చీల. దానినే అందఱును పిన్ను అందురు. కుదుపులకు ఆ చీల పైకి లేచి రాకుండ అడుగున నొక చిన్న క్లిప్పు గ్రుచ్చవలెను. బండి యంతటిలోను అంతకంటె చిన్న వస్తువు లేదు. అంతకంటె ముఖ్యమైనదియు లేదు. మా నాయనగారు మాకు ఇంటిలోనే అమరకోశము వల్లె వేయించినప్పుడు రథాంగముల పేర్లలో ఇరుసు కొననుండు చీలకు ‘అణి’ యని పేరని చెప్పిరి. పేరు నేటికిని కంఠస్థమే. వాకిట నున్న మా తొట్టికి చీల యెట్లున్నదో మాత్రము మేము రెండేండ్లవఱకు వంగి చూడలేదు.

ఇట్లుండగా మావారికి గజపతినగరము దాటి లోపలనున్న యొక పల్లెబడికి బదిలీ యయ్యెను. సామానెక్కించు పెత్తనము మాది. పగులునవియు మెత్తనివియు ముందఱ, బరువైనవి వెనుక అని మా లెక్క. వెనుక తలుపు తెఱవగానే బరువులు దిగిపోయినచో పని తేలిక గదా యని మా యెత్తు. పరుపులు, చాపలు, వంటపాత్రల గంపలు ముందఱ సర్దించి, ఇనుప బీరువా, రుబ్బురోలు, బియ్యపు బస్తాలు వెనుకకు చేర్పించి, అన్నిటికి చివర మావారి స్కూటరును నిలువబెట్టించితిమి. బయలుదేరబోవుచు ట్రాక్టరు నడపు అబ్బాయి నొగవంక చూచి, "అమ్మగారూ, బరువు ఎనక్కి ఎక్కువైపోనాది. నొగ తేలిపోతంది" అనెను. దింపుట కదియే వీలని, తొందరగా పోనిమ్మని చెప్పితిమి. పంతులుగారి భార్యకు ఎదురు చెప్పుట యేల యనుకొనెను గాబోలు, అతడూరకుండెను.

మావారు ట్రాక్టరు చక్రముపైని రేకుమీద కూర్చుండిరి. తొట్టిలో పరుపులమీద అత్తగారు, మేము, మా యెనిమిదేండ్ల కుమారుడు. అత్తగారి కది పరమానందము. చిన్ననాట శివరాత్రికి గూడుబండిలో రామతీర్థము పోయిన ముచ్చట దారిపొడుగునను చెప్పిరి. బియ్యము, పప్పు, పొయ్యిలోనికి పుల్లలు సయితము బండిలోనే యుండునట. రాత్రి బండిక్రిందనే పడకలట. ఎద్దుల బండి నడకకును ట్రాక్టరు నడకకును గల భేదము ఆ ముచ్చటలో మాకెవరికిని తోపలేదు.

పెద్దత్రోవ విడిచి పల్లెదారి పట్టిన పిమ్మట ఒకచోట దారి చెఱువుగట్టు మీదికెక్కును. చీలకుండవలసిన క్లిప్పు ఎన్నడో పోయినదట. దాని చోట కట్టిన నారత్రాడు నాడు ఒఱసికొని తెగిపోయెను. ఎక్కుడులో నొక కుదుపు తగిలి చీల యూడినది. మాకు తెలిసిన దొక్కటే: ముందున్న మేము ఒక్కసారిగా పైకి లేచితిమి, తొట్టి తోక నేలను గ్రుచ్చుకొన్నది, సామానంతయు వెనుకకు జాఱినది. పిల్లవాడు తండ్రి స్కూటరు పడిపోవునేమో యని పట్టుకొనుటకు అప్పుడే వెనుకకు పోయియుండెను. బీరువాకును వెనుక తలుపునకును నడుమ వాని కుడిచేయి నలిగెను. తోక నేలలో దిగబడుటచేతనే తొట్టి గట్టుమీదినుండి దొరలలేదు. ప్రక్కనే చెఱువు నిండుగా నుండెను.

చేయి రెండుచోట్ల విఱిగెను. నెలన్నర కట్టుంచిరి. దైవకృప వలన ఇప్పుడు వాడా చేతితోనే వ్రాయుచున్నాడు గాని, చలిదినములలో నొప్పి యనును. చూడవచ్చినవారు కొందఱు దిష్టి యనిరి. కొందఱు బయలుదేరిన వేళ మంచిది కాదనిరి. పెక్కుమంది నడిపిన అబ్బాయినే తిట్టిరి. అతడు తల వంచుకొని నిలిచెనే గాని, తాను ముందుగా చెప్పిన మాటను బయటపెట్టలేదు. మూడు దినములు మేమును పలుకలేదు. నాలుగవనాడు ముద్ద మ్రింగుడుపడక, బావగారి యెదుటనే, తప్పు అతనిది కాదనియు, వెనుక బరువు పెట్టించినది మేమేననియు, అతడు చెప్పినను వినలేదనియు చెప్పివేసితిమి. బావగారు కొంతసేపు మాటాడలేదు. పిదప, "క్లిప్పు పోతే తాడు కట్టి ఊరుకున్నవాణ్ణి నేను కదమ్మా" అనిరి.

మఱునాడు ఆ అబ్బాయిని పిలిచి, నొగ యేల తేలునో మాకు తెలియునట్లు చెప్పుమంటిమి. "సిరిమాను చూళ్ళేదా అమ్మగారూ?" అని యతడడిగెను. విజయదశమి తరువాతి మంగళవారమున విజయనగరములో పైడితల్లి యమ్మవారి సిరిమానోత్సవము జరుగును. పొడవైన చింతమానును బండిమీద నిలిపి, పైకి లేచిన కొనయందు పూజారిని కూర్చుండబెట్టి, గుడినుండి కోటవఱకు మూడుమారులు త్రిప్పుదురు. మొదట బరువుండుటచేతనే కొన పైకి లేచియుండును. మా తొట్టియు నాడు సిరిమానైనది. ఇరుసు వెనుక బరువెక్కువై ముందున్న నొగ పైకి లేచినది. ఏటేట ఆ యుత్సవమునకు పోయి దండము పెట్టుకొని వచ్చుచుంటిమి గాని, ఆ మ్రాను చెప్పు మాట మాకు వినబడలేదు.

నొగ తేలుటయే కాదు, మితిమీఱి క్రుంగుటయు ప్రమాదమేనని అతడే చెప్పెను. నొగమీద కొంత బరువున్ననే ట్రాక్టరు వెనుకచక్రములు నేలను గట్టిగా పట్టును. మిక్కిలి యెక్కువైనచో ట్రాక్టరు ముందుచక్రములు తేలి, స్టీరింగు త్రిప్పినను బండి తిరుగదు. బరువు వెనుకకు పోయినచో పట్టు తప్పుటయే గాక, వేగమునందు తొట్టి తోక ప్రక్కలకు ఊగును.

అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున నున్న మా తమ్మునికి ఈ సంగతి తెలిసి, ఫోనులో తన తొట్టిని మాకు చూపెను. అది తొట్టి యనుటకంటె ఇల్లనుట న్యాయము. ముందు పడకగది, నడుమ వంటిల్లు, వెనుక మోటారుసైకిళ్లుంచు కొట్టము. వెనుకగోడ క్రిందికి వాలి, బండ్లెక్కుటకు వాలుబల్ల యగును. దానిని వారు ‘టాయ్ హాలర్’ అందురు. ఆటబండ్లను మోయునది యని యర్థము. మా అత్తగారు చూచి, "గూడుబండే గదా, ఎద్దులు లేవంతే" అనిరి. దాని నొగ లాగుడుబండి వెనుకకు గాక, ఆ బండి తొట్టిలోనే వెనుక యిరుసునకు పైగా తగులుకొనును. ఆ కూర్పునకు ‘ఫిఫ్త్ వీల్’, అనగా అయిదవ చక్రమని పేరు. పూర్వము గుఱ్ఱపుబండ్లలో ముందు ఇరుసు సులువుగా తిరుగుటకై దానిపై నొక చక్రమును అడ్డముగా పఱచెడివారు. పే రందుండి వచ్చినది.

అట్టి బండియందును చిక్కు మా చిక్కే. మోటారుసైకిళ్లు వెనుకకెక్కగానే ముందు బరువు తగ్గును, దింపగానే హెచ్చును. మొత్తము బరువులో నూటికి 15 మొదలు 25 వంతులవఱకు ముందు కూర్పుమీద నిలువవలెనని వారి లెక్క. అందుకై సామానెక్కించిన పిమ్మట కాటామీద తూచి చూతురట. పొరబాటున బండి విడిపోయినచో తొట్టికి దానంతట అదే బ్రేకు పడు కట్టును గలదు. ఆ యింట సామాను సర్దునది మా మఱదలే. వెనుకకు నడపునప్పుడు తొట్టి యెడమకు పోవలెనన్న స్టీరింగు కుడికి త్రిప్పవలెను గావున, అద్దములో తనకు కనబడునట్లు ఆమె నిలిచి చేయి చూపుచుండ, మా తమ్ముడు త్రిప్పునట. ఆమె కనబడకపోయినచో బండి నాపివేయునట. అది విని మాకు ధైర్యము కలిగినది.

కడపటి బదిలీనాటికి మేము మా పద్ధతి మార్చితిమి. తొట్టి అడుగున ఇరుసుండు చోట సుద్దతో నడ్డగీత గీచితిమి. బీరువా, రుబ్బురోలు, బస్తాలు గీతకు రెండువైపులను దగ్గఱగా నుంచి, మొత్తము బరువు గీతకు ముందఱ కొంచెము మొగ్గునట్లు చూచితిమి. తేలికవియే కొనలకు పోయినవి. స్కూటరు నడుమకు వచ్చినది. దింపుట కొంత ప్రయాసమైనను సరియే. అన్నిటిని మోకులతో బిగించి కట్టించితిమి. చీలకు క్రొత్త క్లిప్పును, చీల యూడినను నొగ విడిపోకుండ నొక గొలుసును పెట్టించితిమి. మనుష్యులమందఱము బస్సులో పోతిమి. అత్తగారు మాత్రము, "మా కాలంలో బండెక్కని పుణ్యక్షేత్రం లేదు" అని బస్సు దిగువఱకు సణుగుచునే యుండిరి.

ఇంకొక మాట చెప్పకున్న ఈ వ్యాసము అసంపూర్ణము. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము తొట్టిని వేఱుగా నొక వాహనముగానే యెంచును. అది సరకులకొఱకే గాని మనుష్యులకొఱకు గాదు. అయినను నాట్ల కాలమున కూలిస్త్రీలను అందులోనే నిలువబెట్టి పొలములకు తీసికొనిపోవుచుందురు. 2018వ సంవత్సరము జూను నెలలో తెలంగాణమున యాదాద్రి భువనగిరి జిల్లాలో అట్టి తొట్టి కాలువలో పడి 15 మంది మరణించిరి. వారిలో మిక్కిలిమంది పనికి బయలుదేరిన స్త్రీలే. ఆ వార్త మేమును చదివితిమి. అయ్యో యని మడిచి పెట్టితిమి. మా పిల్లవాని చేయి విఱిగిన పిమ్మటగాని అది మా తొట్టి సంగతియే యని తోచలేదు.

ఆ యేడు నాట్లకు మా తొట్టిలో నెవరిని ఎక్కింపవలదని బావగారిని వేడుకొంటిమి. కూలిస్త్రీలు కోపించిరి. అంత దూరము నడిచి వచ్చి, దినమంతయు నడుము వంచుటెట్లని యడిగిరి. వారడిగినది న్యాయమే. కొందఱు ఆ మొదటి వారము పనికే రాలేదు. తుదకు, చోటున్నంతవఱకే యెక్కునట్లు ఆటో మాటాడి, దాని కిరాయి తొట్టి రాబడిలో మా వాటానుండి యిచ్చుటకు ఒప్పుకొంటిమి. ఆ ఋతువులో మాకు మిగిలినది సగమే. మావారు లెక్క చూచి, "కాసులపేరు మరికొంచెం సన్నబడింది" అనిరి. అనిరే గాని కాదనలేదు.

దశరథుని రథచక్రము చీల యూడినప్పుడు కైక తన వ్రేలినే చీలగా నుంచి రథమును నిలిపెనని మన యిండ్లలో కథ చెప్పుకొందురు. ఆ సాహసమునకు మనము మెచ్చుకొందుము. అయితే బయలుదేరుటకు ముందే యెవరైనను వంగి చూచియున్నచో ఆమె వ్రేలికి ఆ పని తగులకపోవును గదా!

మా యింట మఱియొక క్లిప్పు మా తాళపుగుత్తికే వ్రేలాడుచున్నది. తొట్టి కదలునప్పుడెల్ల మేము పోయి చీల చూచి వత్తుము. తొలినాళ్లలో వీథివారు నవ్విరి. ఇప్పుడు అబ్బాయియే, "అమ్మగారూ, పిన్ను చూసీసినారా?" అని యడిగి గాని ఇంజను ముట్టింపడు. సోదరీమణులారా! మీ యింట తొట్టి యున్నచో, లేదా మీ సామాను పరుల తొట్టి నెక్కునప్పుడు, పసుపు పూయుడు, బొట్టు పెట్టుడు, నిమ్మకాయలు కట్టుడు. పిదప ఒక్కసారి వంగి చీలకు క్లిప్పున్నదేమో చూడుడు. బిడ్డలను మాత్రము అందులో నెక్కింపకుడు.