వెయ్యి లీటర్ల ట్యాంకు.. మా మామ ముక్కు!

మా మేనమామ ఫోన్ చేశాడంటే రెండే విషయాలు ఉంటాయి. ఒకటి, ‘ఎప్పుడొస్తున్నవ్ అల్లుడా?’. రెండోది, ఊళ్లో ఎవరో పోయారన్న కబురు. మొన్న ఫిబ్రవరి చివర్లో వచ్చిన ఫోన్ మాత్రం మూడోరకం.

‘‘వరంగల్‌ల పాత ట్యాంకులు అమ్ముతున్నరట. ఒక్కోటి వెయ్యి లీటర్లది. నువ్వు పంపిన వీడియోల ఉన్నయి సూడు, అచ్చం గసొంటియే. చిట్టీ పైసలు చేతికొచ్చినయ్. నువ్వొస్తే ఒకటి తెచ్చుకుందాం’’ అన్నాడు.

నాకు గుండె జారింది. ఎందుకంటే ఆ వీడియో పంపింది నేనే. అమెరికాలో మేపుల్ చెట్లకు చిన్న రంధ్రాలు పెట్టి, పైపులతో రసం దించి, ఇనుప చట్రంలో ఉండే పెద్ద తెల్ల ప్లాస్టిక్ ట్యాంకుల్లో నింపుతున్నారు. తర్వాత కాచి పాకం చేస్తున్నారు. ‘మామా, మీ పనే.. కానీ చెట్టెక్కేది లేదు’ అని రాసి పంపాను. సరదాకే. మామ మాత్రం సరదాగా తీసుకోలేదు.

మూడేళ్ల కింద మామ తాటిచెట్టు మీంచి జారిపడ్డాడు. బతికి బయటపడ్డాడు గానీ తుంటి దెబ్బ మానలేదు. ఇప్పుడు ఏడెనిమిది చెట్లకు మించి ఎక్కలేడు. కొడుకు ఆటో నడుపుతాడు, చెట్టు వైపు చూడడు. అందుకే మామ ఒక లెక్క వేసుకున్నాడు. ఊళ్లోని ఇంకో ఐదుగురు గీత కార్మికులు చెట్లెక్కి నీరా దించుతారు, తను కింద కూర్చుని కాచి తాటిబెల్లం చేస్తాడు. ఆ ‘కింద కూర్చునే’ పనికి ట్యాంకు కావాలి. అది ఆయనకు ప్లాస్టిక్ డబ్బా కాదు, చెట్టు దిగే దారి.

పాపన్న దారిలో..

శనివారం పొద్దున ఉప్పల్‌లో హన్మకొండ బస్సెక్కాను. భువనగిరి దగ్గర కిటికీలోంచి ఆ ఏకశిల గుట్ట కనిపించగానే చేతిలో ఫోన్ పక్కన పెట్టాల్సిందే. జనగామ దాటాక రఘునాథపల్లి. ఆ చుట్టుపక్కలే ఖిలాషాపూర్. కల్లుగీత కుటుంబంలో పుట్టిన సర్వాయి పాపన్న కోట కట్టుకున్న ఊరు. ఔరంగజేబు పోయాక మొఘలుల పట్టు సడలిన రోజుల్లో, 1708లో ఆయన మనుషులు వరంగల్ కోట మీదే పడ్డారు. 1710లో ఆయన్ని పట్టుకుని చంపేశారు. మూడు వందల ఏళ్లు దాటినా మా అమ్మమ్మ ఆయన గురించి పక్కింటి మనిషిలాగే మాట్లాడుతుంది.

హన్మకొండలో దిగి, వరంగల్ మీదుగా ఖమ్మం రోడ్డు పట్టుకుంటే వర్ధన్నపేట. అది దాటి లోపలికి పోతే మా అమ్మమ్మ ఊరు. పొలం గట్ల మీద తాళ్లు, చెరువు కట్ట కింద ఈదులు. అత్త పెట్టిన జొన్నరొట్టె తిని పడుకున్నాను. తెల్లారుజామున నాలుగున్నరకు మామ లేపాడు.

‘‘ముందుగాల చెట్లకాడికి పోదాం. ట్యాంకు సంగతి తర్వాత.’’

ఎండ ముట్టకముందే

మామ నడుముకు ముస్తాదు, భుజాన మోకు, చేతిలో గీత కత్తి. మొదటి చెట్టుకు దండం పెట్టి, కాటమయ్యను తల్చుకుని ఎక్కడం మొదలుపెట్టాడు. కింద నిలబడి చూసే మనకే కాళ్లు వణుకుతాయి. ఇలా పడిపోయేవాళ్లు ఎక్కువయ్యాకే ప్రభుత్వం 2024లో ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో తాళ్లు, బెల్టులున్న కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది.

నీరా అంటే పులవని కల్లు. అంతే తేడా. రాత్రంతా గెల కొసనుంచి చుక్కచుక్కగా లొట్టిలోకి దిగుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే పులుపు ఆలస్యమవుతుంది. పూయకపోతే గాల్లో, లొట్టిలో ఉన్న ఈస్టు, బ్యాక్టీరియా గంటల్లోనే చక్కెరను తినేసి కల్లు చేసేస్తాయి. అందుకే ఎండ ముట్టకముందే దించాలి.

మామ తాటాకు రేక మలిచి నాకు పోశాడు. చల్లగా, తియ్యగా, లేత ముంజె వాసనతో ఉంది. హైదరాబాద్‌లో నెక్లెస్ రోడ్డు నీరా కేఫ్‌లో 2023లోనే తాగాను. కానీ చెట్టు కింద రేకలో తాగితే వేరు.

తాగుతూ మామకు మేపుల్ లెక్క చెప్పాను. ‘‘వాళ్ల రసంల చక్కెర నూటికి రెండు వంతులే మామా. నలభై లీటర్లు కాస్తే లీటరు పాకం వస్తది. మన నీరాల పది పన్నెండు వంతులు ఉంటది. పది లీటర్లకు కిలో దాకా బెల్లం.’’

మామ మొహం వెలిగింది. ‘‘మరి మనమే నయం కదరా!’’

‘‘చెట్టు మనదే నయం. వాతావరణమే వాళ్లది నయం.’’

అక్కడ మేపుల్ రసం కారేదే రాత్రి గడ్డకట్టి, పగలు కాస్త వెచ్చబడే రోజుల్లో. ఊరంతా ఒక ఫ్రిజ్. ట్యాంకు చుట్టూ మంచే ఉంటుంది. అయినా వాళ్లూ రోజుల తరబడి ఉంచరు, వీలైనంత త్వరగా కాచేస్తారు. మన దగ్గర ఆ పొద్దున ఏడున్నరకే చెమట పట్టింది.

ఆరుగురి లొట్లూ వచ్చాక కొలిచాం. దాదాపు తొంభై లీటర్లు. మామ వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు. వెయ్యి లీటర్లు నిండాలంటే పదకొండు రోజులు. అప్పటికి అడుగున ఉన్నది కల్లు కూడా దాటి పుల్లటి నీళ్లయిపోతుంది. పాత నీరా మీద కొత్త నీరా పోశామంటే పాలల్లో తోడు వేసినట్టే.

మామ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘‘అయినా ఒకసారి చూసొద్దాం పా. తొంభై లీటర్లే పోసుకుంటం, పోసినరోజే తీస్తం’’ అన్నాడు. ఆశ అంత తొందరగా చావదు కదా.

‘అంతా ఫుడ్ గ్రేడే అన్నా!’

వరంగల్‌లో పాత డ్రమ్ముల దుకాణం. నీలం డ్రమ్ములు, పెయింట్ డబ్బాలు, వాటి వెనక వరసగా ఆ తెల్ల ట్యాంకులు. దగ్గర్నుంచి చూస్తే బాగానే కట్టారనిపిస్తుంది. లోపల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ సీసా, చుట్టూ ఇనుప జాలీ, కింద ప్యాలెట్. పైన వెడల్పు మూత, కింద రెండంగుళాల వాల్వు. వీటినే ఐబీసీ అంటారు. నూనెలు, గ్లూకోజ్ పాకం, పండ్లరసం నుంచి యాసిడ్లు, పురుగుమందుల దాకా అన్నీ ఇలాంటి వాటిలోనే ఊళ్లు దాటుతాయి. అసలు చిక్కంతా అక్కడే.

‘‘ఆరు వేలు. అంతా ఫుడ్ గ్రేడే అన్నా’’ అన్నాడు దుకాణంలోని కుర్రాడు.

బస్సులో వస్తూ ఫోన్‌లో చదువుకున్నదంతా అక్కడ బయటికి తీశాను. మీకూ పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి. ఫుడ్ గ్రేడ్ అన్నది ప్లాస్టిక్ పుట్టుక గురించి చెప్పే మాట. తిండికి తగిలే పాలిథిలీన్‌కు మన దేశంలో ఐఎస్ 10146 అనే ప్రమాణం ఉంది. కానీ కొత్తగా ఉన్నప్పుడు ఫుడ్ గ్రేడ్ అయినంత మాత్రాన, ఒకసారి పురుగుమందు మోసి వచ్చాక అది మళ్లీ ఫుడ్ గ్రేడ్ కాదు. ఈ ప్లాస్టిక్ స్టీలు లాంటిది కాదు. కొన్ని రసాయనాల్ని, వాసనల్ని లోపలికి పీల్చుకుంటుంది. ఎన్నిసార్లు కడిగినా పైపొరే శుభ్రం. పీల్చుకున్నది తర్వాత పోసిన దాంట్లోకి మెల్లగా దిగుతుంది.

జాలీకి ఉన్న రేకు మీద ‘యూఎన్ 31హెచ్‌ఏ1’ అని ఉంది. చాలామంది దీన్నే నాణ్యత ముద్ర అనుకుంటారు. అది ప్రమాదకర ద్రవాల్ని మోయడానికి తట్టుకుంటుందని చేసిన పరీక్షల గుర్తు. దాన్నిబట్టి లోపల విషం పోశారని చెప్పలేం, తిండి పోశారనీ చెప్పలేం. చూడాల్సింది రేకు కాదు, పాత లేబుల్. ఇంతకుముందు లోపల ఏముందో రాసిన కాగితం.

మూడు ట్యాంకులకు లేబుళ్లు పీకేసి ఉన్నాయి. నాలుగోదానికి సగం చిరిగిన కాగితం, దాని మూలన ఎర్ర అంచు డైమండ్ గుర్తు ఒక ముక్క.

‘‘ఇంతకుముందు ఇందుల ఏముండె తమ్మీ?’’ అడిగాడు మామ.

‘‘సబ్బునీళ్ల లెక్క అన్నా. కడిగినం మొత్తం.’’

మామ ఇంకేం అడగలేదు. మూత తిప్పి తీశాడు. తల లోపలికి పెట్టి, కళ్లు మూసుకుని పీల్చాడు. నలభై ఏళ్లుగా లొట్టి మూతి దగ్గర ముక్కు పెట్టి, ఇది ఏ చెట్టుదో, ఎన్ని గంటలదో చెప్పే మనిషి. కింద కూర్చుని వాల్వు తిప్పి, దాని సందులో వేలు పెట్టి చూశాడు. నల్లటి జిగురు అంటింది. వేలు వాసన చూసి, లుంగీకి తుడుచుకుని లేచాడు.

‘‘ఇది మనుషులు తాగే వాసన కాదు అల్లుడా. పా పోదాం.’’

కుర్రాడు ఐదు వేలకు దిగాడు. నాలుగున్నర అన్నాడు. మామ వెనక్కి తిరిగి నెమ్మదిగా, ‘‘ఫ్రీగ ఇచ్చినా వద్దు బిడ్డా. నా చేతి కల్లు తాగి ఇన్నేండ్లల్ల ఎవ్వరు మంచాన పడలే’’ అన్నాడు.

ముక్కు మీద పూర్తిగా ఆధారపడొద్దని నేను ఇక్కడ చెప్పాలి. వాసన లేని విషాలూ ఉంటాయి. వాసన వస్తే వద్దనడానికి ముక్కు చాలు. వాసన రాలేదని తీసుకోవడానికి మాత్రం చాలదు. అప్పుడు కావాల్సింది కాగితమే. అందులో ముందు ఏముండేదో అమ్మేవాడు రాసిస్తేనే మాట్లాడాలి.

నాలుగు క్యాన్లు, ఒక బాండలి

తిరుగు ప్రయాణంలో మామ మాట్లాడలేదు. కిటికీలోంచి ఒక్కో తాటిచెట్టూ వెనక్కి పోతుంటే చూస్తూ కూర్చున్నాడు. ఆయన ఆశ తుంచింది నేనే అనిపించింది. ఆశ పెట్టిందీ నేనే. వర్ధన్నపేటలో చాయ్ తాగుతూ అన్నాను, ‘‘మామా, మనకు దాచుకునే ట్యాంకు అక్కర్లే. తొందరగా కాచే పొయ్యి కావాలె.’’

కాసరగోడ్‌లోని కొబ్బరి పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేసిన ఐస్‌పెట్టె గురించి చెప్పాను. గెల దగ్గరే చుట్టూ ఐసు పెట్టి రసం పట్టుకుంటారు, సున్నం అక్కర్లేదు. ‘‘గది చెట్టు మీదికి మోసేదెవ్వడు?’’ అన్నాడు. నిజమే. ఐసు కింద పెట్టుకోవచ్చుగా అనుకున్నాం.

చిట్టీ పైసలతో చివరికి కొన్నవి.. నలభై లీటర్ల స్టీలు పాలక్యాన్లు నాలుగు, ఒక వెడల్పాటి ఇనుప బాండలి. అల్యూమినియం క్యాన్లు చవకే గానీ, సున్నం అల్యూమినియాన్ని తింటుంది. అందుకే స్టీలు. క్యాన్లను ఐసు నీళ్ల తొట్లో నిలబెట్టడం, సున్నం తేరాక పైన తేట వడగట్టడం, ఎనిమిదింటికల్లా పొయ్యి మీద పెట్టడం. పద్ధతి ఇంతే.

రెండు వారాల తర్వాత మళ్లీ వెళ్లాను. ఇంటి వెనక పొయ్యి దగ్గర పీట వేసుకుని మామ కూర్చుని ఉన్నాడు. బాండలిలో నురగ పొంగుతోంది. మొదటి వంట అడుగంటిందట, ఆవులకు పెట్టారు. ఆ రోజుది మాత్రం కుదిరింది. ఎనభై లీటర్లకు ఏడు కిలోలు. కట్టెలు, ఐసు ఖర్చు పోతే ఆరుగురికీ మిగిలేది పెద్దగా లేదు. మామ కూడా ఇంకా ఆ ఏడెనిమిది చెట్లు ఎక్కుతూనే ఉన్నాడు. కానీ ఎక్కడం అయ్యాక మిగతా పొద్దంతా నేల మీదే.

మొన్న నా గదికి వచ్చాడు, పాత డబ్బా నిండా బెల్లం తీసుకుని. లోపలికి రాగానే మూలనున్న ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ మూత తీసి వాసన చూశాడు.

‘‘ఇందుల ముందుగాల ఏముండె?’’ అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుందా?