ఈ పాటలో ఇంతమంది ఉన్నారా!

ముందే చెప్పేస్తాను: మంచి హెడ్‌ఫోన్స్ కొనుక్కోండి, కుదరకపోతే ఎవరినైనా అడిగి ఒక్క సాయంత్రానికి తెచ్చుకోండి. కొత్త పాటల కోసం కాదు, మీకు నోటికొచ్చిన పాత పాటల కోసం!

ఫోన్‌తో పాటు వచ్చిన ఇయర్‌ఫోన్స్‌లోనే ఇన్నేళ్లూ సంగీతం విన్న నాకు, ఓపెన్‌బ్యాక్ హెడ్‌ఫోన్స్ తొలిసారి దొరికాయి. వీటి కప్పుల వెనక మూత ఉండదు, జాలీ ఉంటుంది. శబ్దం లోపలే గింగిర్లు కొట్టకుండా ఆ జాలీలోంచి బయటికి పోతుంది. 1968లో సెన్‌హైజర్ హెచ్‌డి 414తో ఈ రకం జనంలోకి వచ్చింది. పెట్టుకోగానే గది కాస్త పెద్దదైనట్టనిపించింది. ఇక ఆగలేదు. ఒక్కో రకం సంగీతం పెట్టి, ఇవి ఏం బయటపెడతాయో వింటూ కూర్చున్నాను.

మొదట గొంతు. ఘంటసాల పాడిన పుష్పవిలాపం. అది పాత మోనో రికార్డు, అంటే రెండు చెవులకూ వెళ్లేది ఒకే శబ్దం. అలాంటప్పుడు గొంతు సరిగ్గా తల మధ్యలో నిలబడాలి. కుడికో ఎడమకో జరిగితే రెండు కప్పులూ సమానంగా పలకడం లేదన్నమాట. ఇక్కడ మాత్రం ఇసుమంత కూడా జరగలేదు! పద్యం ఎత్తుకునే ముందు ఊపిరి, మాట చివర గొంతు సన్నబడే తీరు, అన్నీ నా ముందే జరుగుతున్నాయి.

గొంతే ఎందుకంటే, దాన్ని మించిన పరీక్ష లేదు. జర్మనీలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ ఎంపీ3 పద్ధతికి సానపెడుతున్నప్పుడు, సుజాన్ వేగా వాయిద్యాలేవీ లేకుండా పాడిన ‘టామ్స్ డైనర్’నే పదేపదే విన్నారు. పాటను కుదించేసరికి ఆ ఒంటరి గొంతు పాడైపోయేది. అది బాగుపడేదాకా ఆయన వదల్లేదు. పుట్టినప్పట్నుంచీ మనుషుల గొంతులే వింటున్న చెవి, అందులో ఏ చిన్న తేడా వచ్చినా పట్టేస్తుంది.

తర్వాత కచేరీ. బాలమురళీకృష్ణ గారి కోసం పెట్టి తంబురా దగ్గర ఆగిపోయాను. వెనకాల ఏదో రొదలా ఉండే శబ్దం ఇప్పుడు నాలుగు తీగలై విడివడింది. మీటిన తీగ ఖంగుమని ఊరుకోదు. ఆ మోతలోంచి సన్నటి స్వరాలు ఒకదాని మీద ఒకటి పైకి లేస్తాయి. తీగ కింద దూర్చే చిన్న నూలుపోగు చేసే మాయ అది. ఆ పై స్వరాలు వినపడలేదంటే హెడ్‌ఫోన్స్ మొద్దుగా ఉన్నట్టే.

మృదంగం రెండు పరీక్షలు ఒకేసారి పెడుతుంది. కుడి మూత మీద కరణి అనే నల్లటి పూత ఉంటుంది కాబట్టి దెబ్బ శ్రుతిలో ఖణేల్‌మంటుంది. ఎడమ మూతకి రవ్వముద్ద అంటిస్తారు, ఆ బరువుకి నాదం మంద్రానికి దిగుతుంది. కుడివైపు దెబ్బ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తేటగా తెలియాలి. ఎడమవైపు మోత కుడివైపు దాన్ని మింగేయకూడదు. తాళవాద్యాలకే వదిలేసే తనియావర్తనం వేగం అందుకున్నా రెండూ కలగాపులగం కాకపోవడం చూసి నోరు తెరిచాను.

ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా గారి నాదస్వరం ఇంకా కఠినం. ఎనిమిది వీధులకి వినపడాల్సిన వాయిద్యం చెవి పక్కనే మోగుతుంటే గుచ్చుకోకుండా ఉండాలి, అలాగని దాని పదును చావకూడదు. గమకాలు గమకాలుగానే వచ్చాయి, చెవి అలిసిపోలేదు.

ఇక సినిమా పాటలు! ‘గీతాంజలి’లో ఇళయరాజా బేస్ గిటార్ అడుగున నడిపే వరస విన్నారా? విడిగా పాడుకోదగ్గ మరో పాట అది. 2023లో ఆస్కార్ అందుకున్న ‘నాటు నాటు’లో రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ గొంతులు ఆ హోరులోనూ వేరువేరుగా తెలుస్తున్నాయి. గుండె మీద గుద్దే మోత కావాలంటే మాత్రం మూత ఉన్న రకమే మేలు. ఓపెన్‌బ్యాక్‌లో అట్టడుగు శబ్దం కొంత బయటికి పోతుంది. పక్కన కూర్చున్నవాళ్లకీ పాట వినిపిస్తుంది.

నాకు పరిచయం లేని జాజ్ కూడా వదల్లేదు. 1959లో వచ్చిన మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’లో రెండు శాక్సోఫోన్లు, కాల్ట్రేన్‌ది ఒక పక్క, యాడర్లీది మరో పక్క. మధ్యలో డేవిస్ ట్రంపెట్. ఎవరు ఎక్కడ నిలబడ్డారో వేలు పెట్టి చూపించవచ్చు!

రెండు హెడ్‌ఫోన్స్ పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త: రెండింట్లోనూ మోత సమానంగా ఉండాలి. మెల్లగా మోగేటప్పుడు మన చెవికి అడుగు శబ్దాలు తక్కువగా అందుతాయని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు. అందుకే కాస్త గట్టిగా మోగేదే మంచిదనిపిస్తుంది.

దుకాణానికి వెళ్తే వాళ్లు పెట్టే పాటతో సరిపెట్టుకోకండి. ఒక పద్యం, ఒక కచేరీ, ఒక నాదస్వరం, ఒక సినిమా పాట ఫోన్‌లో వెంట తీసుకెళ్లండి. ఒక్కోటీ హెడ్‌ఫోన్స్‌ని వేరే ప్రశ్న అడుగుతుంది, అన్నిటికీ జవాబు చెప్పినదాన్నే ఇంటికి తెచ్చుకోండి. నా వరసలో ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్ ఉంది, ఆ వెనకే నాజర్ గారి బుర్రకథ ఉంది. బాగా తెలుసనుకున్న పాటలన్నీ ఇక మళ్లీ మొదట్నుంచి వినాలి!