ఎడమచేతికి వచ్చిన చదువు

జాజ్ అనగానే మనవారికి హోటళ్ళు, డాన్సులు గుర్తుకు వస్తాయి. మేము కూడా అలాగే విని పెరిగాము. నిజానికి ఇది అమెరికాలోని నల్లజాతివారి మధ్య, వారి గుడిపాటలూ పనిపాటలూ పునాదిగా, 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో న్యూ ఆర్లీన్స్ పట్టణంలో రూపు దిద్దుకొన్న సంగీతము.

మేమిద్దరం అక్కాచెల్లెళ్ళము. 2014లో పై చదువులకు కాలిఫోర్నియా వెళ్ళాము. మా యూనివర్సిటీలో సంగీత విభాగము క్రింది అంతస్తులో చిన్న చిన్న సాధన గదులు, గదికొక పియానో ఉండేవి. రాత్రి తొమ్మిది దాటితే ఏ విద్యార్థి అయినా వెళ్ళి కూర్చోవచ్చును, రుసుము లేదు. అక్కడ పరిచయమైన ఒక పెద్దాయన వారానికి అరగంట మాకు జాజ్ నేర్పుతానన్నారు.

మాకు తెలిసినది హార్మోనియం ఒక్కటే. దానిమీద కుడిచెయ్యి పాట వాయిస్తుంది, ఎడమచెయ్యి వెనుకనున్న తిత్తిని ఆడిస్తుంది. పియానో దగ్గర ఆ ఎడమచేతికి అక్షరాభ్యాసమే చేయవలసి వచ్చింది.

మొదటి పాఠము మూడు కార్డులు. కార్డు అంటే కలిపి నొక్కే స్వరాల గుంపు. ఈ మూడింటినీ వారు "రెండు, ఐదు, ఒకటి" అంటారు. సి స్కేలులో అయితే డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి మేజర్ సెవెన్. ఎడమచేతితో ఒక్కొక్క కార్డులో మూడవ స్వరము, ఏడవ స్వరము మాత్రమే పట్టుకొమ్మన్నారు. మొదట ఎఫ్, సి. తరువాత సి అర మెట్టు దిగి బి అవుతుంది, ఎఫ్ కదలదు. ఆ తరువాత ఎఫ్ దిగి ఇ అవుతుంది, బి కదలదు. ఒక వేలు కదిలితే ఇంకొక వేలు కూర్చుంటుంది. ఇంత చిన్న పనిలో అంత అందము ఎక్కడినుండి వచ్చిందా అనిపించేది. అయితే ఇదే పన్నెండు స్కేళ్ళలోనూ రావాలి. మా ఎడమచేతులకు దానికే ఒక సెమిస్టరు పట్టింది.

తాళము సంగతి వేరు. మనము మొదటి దెబ్బకు చప్పట్లు కొడతాము, వారు రెండు, నాలుగు దెబ్బలకు కొడతారు. సమానంగా వ్రాసియున్న రెండు స్వరాలలో మొదటిది పొడుగుగా, రెండవది పొట్టిగా వాయిస్తారు. స్వింగ్ అనేది అదే. కాగితము చూస్తే రాదు, వినవలసిందే. కీర్తనలను పెద్దలు పాడుతుండగా విని పట్టుకొన్న మాకు ఇక్కడ కొంత సులువయ్యింది.

ఈ సంగతి ఫోనులో చెప్పినప్పుడు నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. రెండెకరాలు బ్యాంకులో తాకట్టు పెట్టి మమ్ములను పంపారు. "పియానో వాయించడానికా అమ్మా పొలం పెట్టింది?" అన్నారు. అందులో అన్యాయము ఏమున్నది? పరీక్షల ఫలితాలు వచ్చేవరకు మేము ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. సాధన రాత్రి ఒక్క గంటే అని నియమము పెట్టుకొన్నాము.

ఆ రోజులలోనే డేవ్ బ్రూబెక్ గారి గురించి తెలిసికొన్నాము. ఆయన 1920లో కాలిఫోర్నియాలోనే పుట్టారు. తల్లి పియానో టీచరు, తండ్రి 45 వేల ఎకరాల పశువుల క్షేత్రము చూచుకొనేవారు. పశువైద్యము చదవాలని స్టాక్టన్‌లోని కళాశాలలో చేరి సంగీతానికి మారారు. తీరా చివరకు ఆయనకు నొటేషను చదవడం రాదని బయటపడింది! పియానో పాఠాలు ఎన్నడూ చెప్పనని మాట తీసికొని 1942లో డిగ్రీ ఇచ్చారు. 1958లో మన దేశము వచ్చి కూడా వాయించారు. మరుసటి సంవత్సరము ఆయన బృందము రికార్డు చేసిన 'టేక్ ఫైవ్' ఐదు దెబ్బల తాళములో నడుస్తుంది, కట్టినది బృందములోని పాల్ డెస్మండ్. ఖండచాపు ఎరిగిన మనకు అది పరాయిది కాదు.

ఫలితాలు బాగా వచ్చిన తరువాత దానిని నాన్నగారికి ఫోనులో వినిపించి బ్రూబెక్ గారి సంగతి చెప్పాము.

"అన్ని ఎకరాలూ సొంతమేనా?" అని అడిగారు.

"కాదు నాన్నా, జీతానికి చూసేవాడు."

"అయితే సరే," అన్నారు.

2016లో చదువులు ముగిశాయి. ఉద్యోగాలు చేసి 2020లో పొలము విడిపించాము. జాజ్‌లో ఇప్పటికీ మధ్యరకమే. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు మందిరంలో కీబోర్డు మాకిస్తారు. కీర్తన చివరి చరణానికి ఆ రెండు వేళ్ళ కార్డులు మెల్లగా వేస్తాము. సంఘ పెద్దలలో ఒకరికి అవి గిట్టవు, శ్రుతి చెడిందంటారు. ఏడవ స్వరము వదిలేస్తే ఆయన ముఖము విప్పారుతుంది. నాన్నగారు మాత్రము రెండవ దెబ్బకు చప్పట్లు కొట్టాలని చూస్తారు. ఇంకా కుదరలేదు.