అరువది నాలుగు మెట్లు

కళలు 64 అని పెద్దలు చెబుతారు. మా మామూ గారి విద్యుత్ పియానోకు కూడ మెట్లు సరిగా 64. తెనాలిలో వారి ఇంటి వెనుకగదిలో ముప్పది సంవత్సరాలుగా పాత దుప్పటి కప్పుకొని పడివున్న ఆ వాద్యం మరమ్మతుకు తగినదో కాదో తేల్చవలసిన పని గత వేసవి సెలవులలో నా మీద పడింది. నేను తెలుగు పాఠం చెప్పుకొనేవాడిని గాని వాద్యాలకు వైద్యుడిని కాను. అయినా మా ముమానీ పట్టుబట్టారు. "చదువుకున్నవాడివి. ఉన్నది ఉన్నట్టు చెబుతావు" అన్నారామె.

ఆ మాటకు ఒక నేపథ్యమున్నది. వాద్యాన్ని కొనడానికి నగరం నుండి ఒకాయన వచ్చి చూసి వెళ్లాడు. లోపలి భాగాలు విడదీసి అమ్ముకొని, పై పెట్టెను ఏదో ఫలహారశాలలో అలంకారంగా నిలుపుతాడట. ఇంట్లో డబ్బు అవసరం ఉన్నది. మామూకు రెండేళ్ల క్రిందట పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. వాయించలేని మనిషికి వాద్యమెందుకన్న మాట ముమానీ తమ నోట అనలేదు. దానిని నా నోట వినదలచారేమోనని నాకు లోలోపల అనుమానం.

అది అమెరికాలో తయారైన వుర్లిట్జర్ 200-ఎ. ఈ నమూనా 1974లో వెలువడింది. ఈ జాతి వాద్యాలకు మూలమైన ఆలోచన బెంజమిన్ మీస్నర్ అనే ఇంజనీరుది. 1959లో రే చార్లెస్ ‘వాట్‌డ్ ఐ సే’ అనే పాటలో వుర్లిట్జర్‌నే వాయించాడు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న నాకు మరొక సంగతి ఎక్కువ నచ్చింది. అక్కడి పాఠశాలల కోసం వీటిని వరుసలుగా అమర్చేవారు. ఒక్కొక్క విద్యార్థి చెవులకు తగిలించుకొన్న గొట్టాలలో తన వాద్యాన్ని తానే వింటుంటే, ఉపాధ్యాయుడు తన బల్ల దగ్గర కూర్చొని ఎవరి వాద్యం కావాలంటే వారిది వినేవాడు.

మామూ దీనిని 1986లో మద్రాసులో ఎవరో వాడినది కొన్నారు. ఎనిమిదేండ్లు పెళ్లిళ్లలోను ఉత్సవాలలోను ఆర్కెస్ట్రాతో వాయించారు. ఇంతలో తేలికైన ఎలక్ట్రానిక్ కీబోర్డులు వచ్చాయి. సుమారు 25 కిలోల బరువును ఊరూరా మోయించడం భారమైంది. 1994లో ఒక పెళ్లిపందిరిలో ఎవరో ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్గును నేరుగా గోడకు పెట్టారు. అమెరికా కరెంటుకు పుట్టిన ప్రాణి మన 230 వోల్టులకు ఒక్కసారిగా మూగబోయింది. ఆనాడు కప్పిన దుప్పటి మళ్లీ తీయలేదు.

నాతో మా వీధి రేడియో మెకానిక్కు వచ్చాడు. నాలుగు మరలు విప్పి మూత ఎత్తగానే ముక్కును సోకినది ఎలుకల వాసన. లోపల చూడగా తంత్రులు లేవు. ప్రతి మెట్టుకు ఒక కొయ్య సుత్తి, దాని తలకు ఉన్ని, దానికి పైన ఒక ఉక్కు రీడు. రీడు ప్రక్కన సుమారు 150 వోల్టులు నిలిపిన లోహపు పలక. సుత్తి తగిలి రీడు కంపించినపుడు రెంటి నడుమ ఎడం మారి, ఆ మార్పే విద్యుత్తుగా బయలుదేరి పెద్దదై మనకు వినిపిస్తుంది. రీడు కొనన చిన్న టంకపు చుక్క ఉంటుంది. ఆ చుక్కను కొంచెం గీకితే స్వరం హెచ్చుతుంది, కొంచెం చేరిస్తే తగ్గుతుంది.

మెకానిక్కు మీటరుతో తీగచుట్లు పరీక్షించాడు. అదృష్టం కొద్దీ ఫ్యూజు తాను కాలి మిగతాది కాపాడింది. కొత్త ఫ్యూజు వేసి, ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా కరెంటు ఇవ్వగానే గుయ్యిమని రొద. "కండెన్సర్లు ఎండిపోయాయి సార్. ఇది జబ్బు కాదు, వయస్సు" అన్నాడు. ఆ రొదలోనే ఎడమనుండి కుడికి ఒక్కొక్క మెట్టే నొక్కి నోటుబుక్కులో గుర్తు పెట్టుకొన్నాను. చక్కగా పలికినవి 51. దుమ్ము చేరి చిటపటలాడినవి 6. స్వరం దిగజారినవి 4. అసలు పలకనివి 3. మూడింటికీ రీడు విరిగింది. ఆ మూడూ కుడిచేతి వైపువే.

గడపలో కుర్చీ వేసుకొని కూర్చున్న మామూ నవ్వారు. "విరిగినవి కావు బేటా, నేను విరగ్గొట్టినవి. జనం ఎక్కువైతే చేయి బరువెక్కేది. రీడు విరిగేముందు స్వరం దిగి హెచ్చరిస్తుంది. నేనే వినిపించుకోలేదు."

మా వృత్తిలో ప్రాచీన ప్రతులను సిద్ధపరచడాన్ని పరిష్కరణ అంటాము. మానవల్లి రామకృష్ణకవి గారు 1909లో ప్రకటించినందువల్లనే నన్నెచోడుని కుమారసంభవం మన చేతికి వచ్చింది. తాళపత్రం శిథిలమైన చోట పరిష్కర్త చుక్కలు పెట్టి ఊరుకోవాలే గాని, తన పద్యం చొప్పించరాదని విద్యార్థులకు ఏటేటా చెబుతుంటాను. చెప్పడం సులువు. ఆ సాయంకాలం ముమానీ ఎదుట నిలబడినపుడు, ఆమెకు ఊరట కలిగించే మాట ఒకటి, మామూకు ఊరట కలిగించే మాట మరొకటి నాలుక చివర మెదిలాయి. రెండూ నా చొప్పింతలే.

"బాగవుతుంది ముమానీ. కొయ్య గట్టిది, చెద పట్టలేదు. కండెన్సర్లు మార్చాలి, శుభ్రం చేయాలి. మూడు రీడులు విదేశం నుండి తెప్పించాలి. అన్నీ చేయిస్తే ఖర్చు, ఆ కొనేవాడు ఇస్తానన్న దానిలో సగానికి పైమాటే. లాభం మాత్రం ఏమీ లేదు" అన్నాను.

ఆమె చాలసేపు మాట్లాడలేదు. తరువాత మామూ వైపు చూసి, "ఆ రొద పోతే చాలు. పలకనివి అట్లాగే ఉండనీ" అన్నారు.

మామూ కుర్చీని దగ్గరకు జరిపించుకొని ఎడమచేతిని మెట్లమీద ఉంచారు. చిన్నతనంలో నాకు ఒక వేలితో నేర్పిన పాటకు తాళం మొదలుపెట్టి, "ఊఁ, నీవంతు" అన్నారు. నేను కుడివైపు తడుముకొంటూ నొక్కాను. పల్లవి సగంలో నా వేలి క్రింది మెట్టు నిశ్శబ్దంగా దిగిపోయింది. ఆ ఒక్క స్వరాన్ని మామూ గొంతుతో అందించి, తాళం తప్పకుండా ముందుకు సాగారు.

రాత్రి నోటుబుక్కు తెరచి, ఆ మూడు మెట్ల ఎదుట ‘మూగవి’ అని వ్రాసిన మాట కొట్టివేసి, మూడు చుక్కలు పెట్టాను.