లక్ష పట్టుకుని పార్క్‌లేన్‌కి...

గేమింగ్ కంప్యూటర్ కొనాలంటే సికింద్రాబాద్‌లో ఎక్కువమంది చూపించే దారి సీటీసీ. అక్కడ దొరకని సామాను అంటూ ఉండదు. చిక్కల్లా, కంటికి నచ్చినవన్నీ లక్షలో ఇమడవు. మరి ఎక్కడ ఖర్చు పెట్టాలి? ఎక్కడ చెయ్యి బిగించాలి?

ప్యారడైజ్ దగ్గర మెట్రో దిగి, బిర్యానీ వాసనను తట్టుకుని పార్క్‌లేన్ వైపు నడిస్తే చాలు, కంప్యూటర్ల రాజ్యంలో అడుగు పెట్టినట్టే. దాని రాజధాని చెనాయ్ ట్రేడ్ సెంటర్. అంత పొడుగు పేరు ఎవరికి కావాలి? అందరి నోటా అది సీటీసీ. బెంగళూరుకి ఎస్పీ రోడ్డు, చెన్నైకి రిచీ స్ట్రీట్, ఢిల్లీకి నెహ్రూ ప్లేస్, ముంబయికి లామింగ్టన్ రోడ్డు ఎలాగో... హైదరాబాద్, సికింద్రాబాద్ జంట నగరాలకి సీటీసీ అలాగ!

లోపల ఒక దుకాణం ముందు అట్టపెట్టెల గుట్ట. ఇంకో దుకాణంలో కీబోర్డుల వరస. మెట్ల మలుపు దగ్గర ల్యాప్‌టాప్ విప్పి, భూతద్దం పెట్టుకుని టంకం వేస్తున్న కుర్రాడు. ఆ పక్కనే ప్రింటర్ కాట్రిడ్జ్‌లో సిరా నింపేవాళ్లు. అద్దాల వెనక రంగురంగుల దీపాలతో మెరిసిపోయే క్యాబినెట్లు. వాటి ముందు ఆగి, నోరు తెరుచుకు చూస్తున్న కాలేజీ కుర్రాళ్లు. వాళ్ల వెనకాల, చొక్కా జేబు తడుముకుంటున్న నాన్నలు.

ఆ నాన్నలకీ ఈ చోటు కొత్తేమీ కాదు. పెంటియం-4 రోజుల్లో 256 ఎంబీ ర్యామ్, బండరాయంత బరువున్న మానిటర్ ఇక్కడే కొని ఆటోలో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లినవాళ్లు వాళ్లలో ఎందరో! నెట్ కేఫ్‌లో గంటకింత అని కట్టి కౌంటర్ స్ట్రైక్ ఆడిన తరం అది. అప్పట్లో హార్డ్ డిస్క్ ఎంత, ర్యామ్ ఎంత అని అడిగితే బేరం సగం అయిపోయేది. ఇప్పుడు అబ్బాయి చేతిలో ఉన్న కాగితం చూస్తే మాత్రం వాళ్లకు కళ్లు తిరుగుతున్నాయి.

మొదటి ప్రశ్నే అసలు పరీక్ష
‘బడ్జెట్ ఎంత సార్?’- ఏ దుకాణంలోకి వెళ్లినా ముందు వినపడేది ఇదే. ‘లక్ష’ అనగానే వెంటనే రెండో ప్రశ్న- ‘మానిటర్‌తో కలిపా? విడిగానా?’ చాలామంది తడబడేది ఇక్కడే. ఎందుకంటే ఇంట్లో లెక్క వేసుకున్నప్పుడు డబ్బా ఒక్కటే గుర్తుంటుంది. మానిటర్, కీబోర్డు, మౌస్, హెడ్‌ఫోన్స్, యూపీఎస్... ఇవన్నీ బిల్లు రాసేటప్పుడు ఒక్కొక్కటే తోసుకొస్తాయి.

ఇంకోటి ఉంది. అదే పన్ను. కంప్యూటర్ విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతం. ‘లక్ష, ప్లస్ జీఎస్టీ’ అన్నారంటే చేతి నుంచి పోయేది రూ.1,18,000. అదే పన్నుతో కలిపి లక్ష దాటకూడదు అనుకుంటే, సామాను విలువ రూ.84,746కి మించకూడదు. ‘బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం’ అనే మాట ఎవరైనా అన్నా దానికి చెవి ఒగ్గకపోవడమే మంచిది. మూడేళ్ల వారంటీ ఉన్న గ్రాఫిక్స్ కార్డు రెండో ఏట మొరాయిస్తే సర్వీసు సెంటరువాళ్లు ముందు అడిగేది ఆ కాగితమే. ఆ రోజున మిగిల్చుకున్న డబ్బు అక్కరకు రాదు.

తెరను బట్టే బండి
అనుభవం ఉన్న దుకాణదారు గ్రాఫిక్స్ కార్డు గురించి మొదట మాట్లాడడు. ‘ఏ మానిటర్ మీద ఆడతారు?’ అని అడుగుతాడు. కారణం ఉంది. మామూలు ఫుల్ హెచ్‌డీ తెర మీద ఉండే చుక్కలు 20.7 లక్షలు. దాని పై మెట్టు, 1440పీ తెర మీద 36.9 లక్షలు. అదే 4కే అయితే ఏకంగా 82.9 లక్షలు! ఆట నడుస్తున్నప్పుడు ఈ చుక్కలన్నిటికీ సెకనుకు అరవై సార్లో, నూట నలభై సార్లో రంగులు వేసేది గ్రాఫిక్స్ కార్డు. అంటే 4కే తెర కొన్న మరుక్షణం ఆ కార్డు మీద నాలుగు రెట్ల చాకిరీ పడిందన్నమాట. లక్ష రూపాయల లెక్కలో ఆ బరువు మోసే కార్డు రాదు. ఎంత చెట్టుకు అంత గాలి! ఫుల్ హెచ్‌డీ గానీ, కాస్త సర్దుకుంటే 1440పీ గానీ... లక్షలో కొనేవాళ్లకు అదే హద్దు.

తెర తేలిందా? ఇక మిగతా లెక్క సులువు. మానిటర్ పక్కన పెట్టి డబ్బా వరకే చూస్తే, ప్రతి వంద రూపాయల్లో దాదాపు 35 నుంచి 40 గ్రాఫిక్స్ కార్డుకు, మరో 30 దాకా ప్రాసెసర్, మదర్‌బోర్డు రెండింటికీ వదిలెయ్యాలి. ర్యామ్, ఎస్ఎస్‌డీ, పవర్ సప్లై, క్యాబినెట్ అన్నీ మిగిలినదాంట్లో సర్దుకోవాలి. ఇది చట్టం కాదు, వాడుకలో ఉన్న అంచనా. దీన్నుంచి మరీ పక్కకు జరిగారంటే ఎక్కడో ఏదో లోటు పడుతుంది. ఖరీదైన ప్రాసెసర్ వేసి కార్డు దగ్గర చెయ్యి బిగిస్తే, ఆట నత్తనడక నడుస్తుంది.

నాన్నకీ కొడుక్కీ మధ్య ఓ కార్డు
సీటీసీలో అసలు పంచాయతీ నడిచేది గ్రాఫిక్స్ కార్డు దగ్గరే. 2025లో ఈ బడ్జెట్ మీద కన్నేసి రెండు కంపెనీలూ పోటాపోటీగా దిగాయి. ఏప్రిల్‌లో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5060 టీఐ వచ్చింది. జూన్‌లో ఏఎండీ ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ వచ్చింది. రెండిట్లోనూ 8 జీబీ, 16 జీబీ అని రెండేసి రకాలు. పెట్టె మీద పేరు ఒకటే, లోపల మెమరీ వేరు. కొనేవాళ్లు తికమక పడేదీ ఇక్కడే. ఇటీవలి పెద్ద ఆటలు కొన్ని 8 జీబీ దాటి అడుగుతున్నాయి. ఆ మెమరీ నిండిపోతే తెర మీద బొమ్మ ఉన్నట్టుండి తడబడుతుంది. నాలుగేళ్లు వాడుకోవాలనుకునేవాళ్లు 16 జీబీ రకానికే మొగ్గాలి.

మరి ఏ కంపెనీ? 16 జీబీ రకాలనే తీసుకుంటే, విడుదలైన రోజున అమెరికాలో ఎన్విడియా కార్డు 429 డాలర్లు, ఏఎండీది 349 డాలర్లు. అంటే 80 డాలర్ల తేడా. ఆటలు మాత్రమే ఆడేవాడికి ఆ తేడా మిగుల్చుకోవడం తెలివైన పనే. కానీ మన ఇళ్లలో గేమింగ్ కంప్యూటర్ కొనే అబ్బాయి నోటి నుంచి ‘గేమింగ్’ అన్న మాట రాదు కదా! ‘ఇంజినీరింగ్‌కి కావాలి నాన్నా’ అంటాడు. అది పూర్తిగా అబద్ధమూ కాదు. మెషీన్ లెర్నింగ్ పాఠాల్లో వాడే సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఎన్విడియావారి కుడా అనే ఏర్పాటు అలవాటు. బ్లెండర్‌లో త్రీడీ బొమ్మలు చేసేవాళ్లూ ఎక్కువగా ఆ కార్డులవైపే చూస్తారు. కాబట్టి చదువు మాట నిజమే అయితే ఆ ఎక్కువ డబ్బుకు అర్థం ఉంది. సాకు మాత్రమే అయితే... ఆ సంగతి ఇంట్లోనే తేల్చుకుని రావడం మేలు. కౌంటర్ దగ్గర తేలే విషయం కాదది!

సెకండ్‌హ్యాండ్ కార్డుల సంగతేంటి? 2022 సెప్టెంబరులో ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ తన పద్ధతి మార్చుకుంది. దాన్ని గ్రాఫిక్స్ కార్డులతో తవ్వుకునే అవకాశం ఆ రోజుతో పోయింది. అప్పటిదాకా రాత్రీ పగలూ నడిచిన కార్డులు గుట్టలుగా సెకండ్‌హ్యాండ్ బజారుకు చేరాయి. అన్నీ చెడ్డవని కాదు. బిల్లు చూడాలి. దాని మీదున్న సీరియల్ నంబరు, కార్డు మీదున్న నంబరు ఒకటేనా అని చూసుకోవాలి. ఎంత వారంటీ మిగిలిందో కంపెనీ లెక్కల్లో సరిచూసుకోవాలి. కళ్లెదుటే అరగంట ఆట నడిపి చూపించమనాలి. ‘కుదరదు’ అన్నారంటే దండం పెట్టి కదలడమే.

సాకెట్టుకీ ఓ ఆయుష్షు
ప్రాసెసర్ కొనేటప్పుడు దాని వేగం అందరూ అడుగుతారు. అది కూర్చునే సాకెట్ సంగతి అడిగేవాళ్లు తక్కువ. నిజానికి తక్కువ బడ్జెట్‌వాళ్లకు కావలసింది రెండో ప్రశ్నే. 2017లో ఏఎండీవారి ఏఎం4 బోర్డు కొన్నవాళ్లలో చాలామంది, అయిదేళ్ల తర్వాత 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీని బోర్డు మార్చకుండానే, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో దాన్లోనే బిగించుకోగలిగారు. 2022లోనే వచ్చిన ఏఎం5 సాకెట్‌ని 2027 దాకానైనా కొనసాగిస్తామని ఆ కంపెనీ మాటిచ్చింది. ఇంటెల్ 12, 13, 14 తరాలకు ఒకే సాకెట్ వాడి, 2024 అక్టోబరులో కోర్ అల్ట్రా 200తో దాన్ని మార్చేసింది. అంటే ఈ రోజు మధ్యరకం ప్రాసెసర్‌తో సరిపెట్టుకుని, రేపు డబ్బులు కూడినప్పుడు మంచిది వేసుకునే వీలు ఉందా లేదా అన్నది బోర్డు కొన్నరోజే తేలిపోతుందన్నమాట.

ర్యామ్ ధర... బంగారం దారిలో
ఒకప్పుడు ‘ర్యామ్‌దేముంది, తర్వాత వేసుకోవచ్చు’ అనేవారు. 2025 చివరికొచ్చేసరికి ఆ మాట చెల్లలేదు. కృత్రిమ మేధ కోసం ప్రపంచమంతా డేటా సెంటర్లు కడుతుంటే, మెమరీ చిప్‌లు అటే పరుగుతీశాయి. ఈ చిప్‌ల తయారీలో సింహభాగం శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్‌లదే. వాటిలో మైక్రాన్ అయితే మామూలు కొనుగోలుదారులకు అమ్మే క్రూషియల్ బ్రాండునే ఆపేస్తున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. కొన్ని నెలల్లోనే డీడీఆర్5 ర్యామ్ ధర రెట్టింపు దాటింది. ఎక్కడో అమెరికాలో కట్టే డేటా సెంటర్ సెగ పార్క్‌లేన్‌లో కాగితం పట్టుకుని నిలబడ్డ కుర్రాడికి తగిలిందన్నమాట!

అందుకే కొటేషన్ తీసుకుంటే అది ఎన్ని రోజులు చెల్లుతుందో రాయించుకోవాలి. 32 జీబీ అందకపోతే 16 జీబీతో మొదలుపెట్టినా ఆటలు ఆగవు. 16 జీబీని ఒకే కడ్డీగా కన్నా రెండు 8 జీబీ కడ్డీలుగా వేస్తే వేగం బాగుంటుంది. తర్వాత పెంచుకోవడానికి బోర్డులో నాలుగు గాళ్లు ఉన్నాయో లేదో కూడా ముందే చూసుకోవాలి.

పైన పటారం...
బేరంలో అందరూ చిన్నచూపు చూసేది పవర్ సప్లైని. ఇక్కడి భాషలో ఎస్ఎంపీఎస్. కార్డుకు నలభై వేలు పోసి ఎస్ఎంపీఎస్ దగ్గర వెయ్యి తగ్గించుకోవాలని చూడటం, ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటమే. లోపలున్న సామాను మొత్తానికి అన్నం పెట్టేది అదే. అది పోతే తోడు రెండింటిని తీసుకునిపోతుంది. పేరున్న కంపెనీది, 80 ప్లస్ ముద్ర ఉన్నది, ఈ తరహా కార్డులకు 600 వాట్లకు తగ్గనిది ఉండాలి.

క్యాబినెట్‌ది దీనికి సరిగ్గా ఎదురు కథ. ముందంతా అద్దం, లోపల ఏడు రంగుల దీపాలు. చూడ్డానికి బ్రహ్మాండం. గాలి పోయే దారి మాత్రం ఉండదు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటే ఊళ్లలో ఏసీ లేని గదిలో పెట్టే పెట్టె అది! పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. ముందువైపు జాలీ ఉండి, రెండు ఫ్యాన్లు గాలి లాగేలా, ఒకటి బయటికి నెట్టేలా ఉంటే చాలు.

యూపీఎస్ విషయంలోనూ పాత లెక్క పనికిరాదు. ఇళ్లలో మామూలుగా ఉండే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది 360 వాట్లే. ఆట జోరుమీద ఉన్నప్పుడు కార్డుకే 160-180 వాట్లు, ప్రాసెసర్‌కు 90 దాకా, ఆపైన మానిటర్, ఫ్యాన్లు... అన్నీ కలిసి దాని అంచుకు చేరతాయి. కరెంటు పోయిన క్షణంలో యూపీఎస్ కూడా చేతులెత్తేస్తుంది. వెయ్యి వీఏ దాటినది తీసుకుంటే నిశ్చింత.

నాలుగు మెట్లు ఎక్కితే...
సీటీసీలో కొనడానికి ఆన్‌లైన్‌లో కొనడానికి తేడా ఏమిటి? ధర ఒక్కటే అయితే ఫోన్‌లోనే చూసుకోవచ్చు. ఇక్కడ నాలుగు దుకాణాలు తిరిగి, నాలుగు కొటేషన్లు పక్కపక్కన పెట్టుకోవచ్చు. అలా పెట్టినప్పుడే కిటుకులు బయటపడతాయి. ఒకచోట మొత్తం తక్కువ ఉంటుంది, తీరా చూస్తే ఎస్ఎంపీఎస్ కంపెనీ పేరే రాయరు. ఇంకోచోట ‘16 జీబీ’ అని ఉంటుంది, అది ర్యామ్‌దా కార్డుదా తెలియదు. ప్రతి వస్తువుకీ కంపెనీ, మోడల్, వారంటీ ఎన్నేళ్లు- ఈ మూడూ రాసిచ్చిన దుకాణమే సగం నమ్మకం. అడిగినవి రాసిచ్చి, వెయ్యి రూపాయలు ఎక్కువ చెప్పినా అక్కడ కొనడం నష్టమేం కాదు. రేపు ఏదన్నా అయితే నేరుగా వెళ్లి అడగడానికి ఒక మనిషి ఉంటాడు.

డబ్బు కట్టాక కూడా తొందరపడకూడదు. సీలు వేసిన పెట్టెలు కళ్లముందే విప్పించాలి. బిగించేటప్పుడు పక్కనే నిలబడితే ఎవరూ కాదనరు. చివరి స్క్రూ పడి, మీట నొక్కగానే నల్లటి తెర మీద అక్షరాలు తేలతాయి. ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎంత, డిస్క్ ఎంత... బయోస్ అన్నిటినీ వరసగా చూపిస్తుంది. అబ్బాయికి అవి చూసే ఓపిక ఉండదు. వాడి మనసు అప్పటికే ఆటలోకి దూకేసి ఉంటుంది. ఇన్నాళ్లూ ఈ లెక్కల్లో వేలు పెట్టని నాన్నకు పని అప్పుడు తగులుతుంది. కళ్లజోడు సవరించుకుని, ఒక చేత్తో బిల్లు పట్టుకుని, తెర మీద పేరునీ కాగితం మీద పేరునీ ఒక్కొక్కటిగా కలిపి చూసి టిక్కు పెట్టాలి. అన్నీ సరిపోయాకే... ఆటోని పిలవాలి!