మంచు లెక్క గాలిలో ఉంది

గోవాలో వాస్కో డ గామా దగ్గర, హెడ్‌ల్యాండ్ సడా కొండ మీద జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం ఉంది. బయట అరేబియా సముద్రపు ఉక్క, లోపల ఐస్ కోర్ ప్రయోగశాలలో మైనస్ 20 డిగ్రీల చలి. అంటార్కిటికాలో తవ్వి తెచ్చిన మంచు కడ్డీలను అక్కడ భద్రపరుస్తారు. కడ్డీలో 1815 నాటి తంబోరా అగ్నిపర్వత విస్ఫోటనపు గంధకం జాడ ఎక్కడుందో పట్టుకుంటే, దాని పైనున్న మంచును నీటి లెక్కలోకి మార్చి ఏటా సగటున ఎంత నిలిచిందో చెప్పవచ్చు. ఆ కడ్డీలు చూశాక నాకు ఒక అభిప్రాయం బలపడింది. కడ్డీ చెప్పేది అది తవ్విన చోటు సంగతే. ఖండమంతటి హిమపాతం తెలియాలంటే గాలిలో తేమను కొలవాల్సిందే.

మన వర్షమాపకం లాంటి పాత్ర అక్కడ చాలదు. పీఠభూమి మీద చల్లబడి బరువెక్కిన గాలి వాలు వెంట తీరానికి దూసుకొస్తుంది. పడుతున్న మంచును పాత్రలో పడనివ్వదు, నిన్నటి మంచును లేపి ఇవాళ అందులో పోస్తుంది. నడిమి ప్రాంతంలో అసలు కురిసేదే స్వల్పం. అక్కడి వోస్టోక్ పరిశోధన కేంద్రం దగ్గర ఏడాదికి నీటి లెక్కన 2 సెంటీమీటర్లకు అటూ ఇటూ. అందుకే చెరువులోకి వచ్చే నీరు, పోయే నీరు చూసినట్టు ఆవిరిని లెక్కగట్టారు. బెలూన్‌కు కట్టి వదిలే రేడియోసాండ్ అరచేతిలో పట్టే పెట్టె. పైకి పోతూ ఉష్ణోగ్రత, పీడనం, తేమ పంపుతుంది. అది కొట్టుకుపోయే తీరును బట్టి గాలి వేగం, దిశ తెలుస్తాయి. ఒక్కో ఎత్తులో తేమను గాలి వేగంతో హెచ్చించి కూడితే, తీరం దాటి లోపలికి వచ్చిన ఆవిరెంతో, బయటికి పోయినదెంతో వస్తుంది. గాలిలోని నిల్వలో మార్పును సవరించాక మిగిలే తేడాయే నేలకు చేరి నిలిచిన నీరు. 1957-58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరంలో స్టేషన్లు పెరగడం ఈ లెక్కకు ఊతమిచ్చింది.

స్టేషన్ల మధ్య వందల కిలోమీటర్ల ఎడం ఉందని, తుపాన్లు ఆ సందుల్లోంచి జారిపోతాయని, గడ్డకట్టే చలిలో తేమ సెన్సర్ మందగిస్తుందని అభ్యంతరం. నిజమే, ఒక్కో చోటికి ఒక్కో అంకె ఈ పద్ధతి ఇవ్వలేదు. అయితే ఇప్పుడు ఉపగ్రహాల కొలతలనూ బెలూన్లవాటినీ కలిపే వాతావరణ నమూనాలు ఆ ఖాళీలను చాలావరకు పూరిస్తున్నాయి. ఇంకో అభ్యంతరం మరింత గట్టిది. ఈ లెక్కలో వచ్చేది కురిసిన మంచు కాదు, తిరిగి ఆవిరైనది పోగా మిగిలినదే. కానీ మంచు ఫలకానికి కావలసిందీ ఆ మిగులే. ఐస్ కోర్ పొరలోనూ దాదాపు అదే ఉంటుంది కాబట్టి రెండు వేర్వేరు కొలతలను ఒకదానితో ఒకటి సరిచూసుకోవచ్చు.

అంటార్కిటికా మీద ఏటా నిలిచే మంచు, ప్రపంచ సముద్రాల మట్టంలో సుమారు 6 మిల్లీమీటర్లకు సమానం. సముద్రమట్టం ఇప్పుడు ఏటా పెరుగుతున్నది సుమారు 4 మిల్లీమీటర్లు. ఈ లెక్కలో చిన్న తప్పు కూడా పెద్దదే. అందుకే అంటార్కిటికాలోని మైత్రి, భారతి కేంద్రాల నుంచి మన దేశం ఎగరేసే బెలూన్ల సంఖ్య పెంచాలి.